సీటు పైపు మీద మూడు గీతలు

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేసి అడిగారు. పూర్వ విద్యార్థులు రాసేవి ఎక్కువగా "కష్టపడి చదవండి, పెద్ద ఉద్యోగాలు సంపాదించండి" అనే తీరులో ఉంటాయి. ఆ మాట మీకు వార్డెన్ గారు రోజూ ప్రార్థన దగ్గర చెబుతూనే ఉంటారు. అందుకని నేను నాకు బాగా తెలిసిన ఒక చిన్న విషయం రాస్తున్నాను. సైకిలు సీటు పోకుండా ఎలా కాపాడుకోవాలి అన్నదే ఆ విషయం. నవ్వుకుంటున్నారా? నవ్వండి. కానీ చివరిదాకా చదవండి. ఈ సీటు వెనక నేను చేసిన తప్పు ఒకటి ఉంది.

అది 2003. నేను తొమ్మిదో తరగతి. నాగాయలంక హాస్టల్లో అప్పుడు మా అందరికీ కలిపి 11 సైకిళ్ళు ఉండేవి. మాది ఎదురుమొండి. చుట్టూ నీళ్ళు. శనివారం బడి వదలగానే సైకిలెక్కి ఏటిమొగ రేవుకు వెళ్ళడం, సైకిలు ఒడ్డున పెట్టి పడవెక్కడం, ఆదివారం సాయంత్రం మళ్ళీ అదే దారిలో తిరిగి రావడం. సైకిలును కూడా పడవ ఎక్కిస్తే దానికి వేరే డబ్బులివ్వాలి. అందుకే రేవులోనే వదిలేసేవాణ్ణి. దివిసీమకు రైలు లేదు. బస్సు దొరకని వేళ పేదవాడి కాళ్ళకు తోడు సైకిలే.

నాది పాత నల్ల హెర్క్యులిస్. ఈ హెర్క్యులిస్ సైకిళ్ళు మద్రాసులో 1949లో మొదలైన టి.ఐ. సైకిల్స్ కంపెనీవి. అట్లాస్ 1951లో సోనీపట్‌లో, హీరో 1956లో లూథియానాలో మొదలయ్యాయి. మన నాన్నలు, తాతలు తొక్కిన సైకిళ్ళు చాలావరకు ఈ మూడింటిలో ఏదో ఒకటి అయ్యుంటాయి. మా నాన్న వ్యవసాయ కూలీ. నేను ఏడో తరగతిలో చేరినప్పుడు ఆ సైకిలును ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. నాకు కాళ్ళు అందకపోతే సీటు కిందికి దించి, ఎక్కడిదాకా దించాడో తెలియడానికి సీటు పైపు మీద హెక్సా బ్లేడుతో చిన్న గీత కోశాడు. మరుసటి ఏడు సీటు కొంచెం పైకి లేపి ఇంకో గీత. తొమ్మిదిలో మూడో గీత. "నువ్వెంత పెరిగావో ఈ పైపు చెబుతుందిరా" అని నవ్వేవాడు. మా ఇంట్లో గోడ మీద ఎత్తు కొలిచి గీత గీసే అలవాటు లేదు. సీటు పైపే మా గోడ.

ఒక ఆదివారం సాయంత్రం పడవ దిగి చూస్తే సైకిలు ఉంది, సీటు లేదు. పైపుతో సహా లాక్కుపోయారు. వెనక చక్రానికి వేసిన తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంది. సీటు లేని సైకిలు తొక్కినవాళ్ళకే ఆ బాధ తెలుస్తుంది. నిలబడి తొక్కాలి. కాళ్ళు నొప్పిపుట్టి కాసేపు ముందు కమ్మీ మీద కూర్చుంటే మోకాళ్ళు హ్యాండిల్‌కు తగులుతాయి. సగం దూరం తొక్కి, సగం దూరం నడిపించి, చీకటి పడ్డాక హాస్టల్ చేరాను. పిల్లలందరూ చూసి నవ్వారు. నేనూ నవ్వినట్టు నటించాను. కొత్త సీటంటే మా నాన్నకు రెండు రోజుల కూలి.

సోమవారం పొద్దున మా గదిలోనే ఉండే ఒక మిత్రుడి సైకిలు చూశాను. దానికి నల్ల సీటు. వెనక రెండు స్ప్రింగులు. శనివారం దాకా వాడి సీటు చిరిగిపోయి గోనెసంచి చుట్టి ఉండేది. వాడు కూడా ఆ శనివారం మా దారిలోనే వాళ్ళ ఊరికి వెళ్ళొచ్చాడు. ఇంకేం కావాలి? నాకు అనుమానం రాలేదు, ఏకంగా నమ్మకమే కలిగింది. భోజనాల వరుసలో అందరూ కంచాలు పట్టుకుని నిలబడి ఉండగా "నా సీటు వీడే తీశాడు" అన్నాను.

వాడు "మా అన్నయ్య అవనిగడ్డలో కొన్నాడు" అన్నాడు. అంతే. ఇంకో మాట మాట్లాడలేదు. మాట్లాడకపోవడం కూడా మాకు సాక్ష్యంగానే కనిపించింది. పెద్ద క్లాసుల వాళ్ళు వాడి రేకు పెట్టె తెరిపించారు. పెట్టెలో సీటు ఎలా దొరుకుతుంది, సైకిలుకే ఉంది కదా! అయినా తెరిపించారు. రెండు జతల బట్టలు, పుస్తకాలు, వాళ్ళమ్మ కట్టిచ్చిన ఎండు చేపల పొట్లం. అందరి ముందూ అవన్నీ బయట పెట్టి మళ్ళీ సర్దుకున్నాడు. ఆ తర్వాత మూడు రోజులు భోజనాల దగ్గర వాడి పక్కన ఎవరూ కూర్చోలేదు.

సంగతి బుధవారం వార్డెన్ గారికి తెలిసింది. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. సాయంత్రం మా ఇద్దర్నీ, రెండు సైకిళ్ళనూ వెంటబెట్టుకుని సెంటర్లో ఉన్న సైకిల్ షాపుకు నడిపించారు. ఆ షాపు ఆయన్ని మేమందరం బాబాయి అనేవాళ్ళం. ఆయన మా వాడి సైకిలు స్టాండు వేసి, ఫ్రేము దగ్గర బోల్టు వదులు చేసి, సీటును పైపుతో సహా పైకి లాగాడు. గుడ్డతో పైపు తుడిచి నా చేతికిచ్చాడు.

"ఏరా, మీ నాన్న కోసిన గీతలేవి?" అన్నాడు.

పైపు నున్నగా ఉంది. ఒక్క గీత లేదు.

"ఇంకోటి కూడా చూడండి సార్" అని వార్డెన్ గారితో అన్నాడు. "సంక్రాంతికి వీడి సీటు పక్క నట్లు విప్పబోతే తుప్పుకు కరుచుకుపోయి రాలేదు. కోస్తే తప్ప ఆ సీటు ఆ పైపును వదలదు. ఈ నట్లు చూడండి, పానా వేస్తే ఇట్టే తిరుగుతున్నాయి. ఇది వీడిది కాదండి."

మూడేళ్ళుగా నేను గర్వంగా చెప్పుకున్న గీతలు. కోపంలో అవి నాకు గుర్తే రాలేదు. నోరు తెరిచే ముందు ఒక్కసారి బోల్టు విప్పి చూసి ఉంటే సరిపోయేది.

వార్డెన్ గారు నాకు రెండు పనులు చెప్పారు. ఒకటి, అందరి ముందూ అన్న మాటను అందరి ముందూ వెనక్కి తీసుకోవాలి. రెండు, హాస్టల్లో ఉన్న సైకిళ్ళన్నిటికీ మళ్ళీ సీటు పోకుండా నేనే ఏర్పాటు చేయాలి. ఎలా చేయాలో బాబాయి నేర్పుతాడు.

ఆ నేర్చుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీలో సైకిలు ఉన్నవాళ్ళు ఈ భాగం కాస్త శ్రద్ధగా చదవండి.

మొదట తెలుసుకోవలసింది, వెనక చక్రం తాళం సైకిలు మొత్తాన్ని కాపాడదు. సైకిలును తొక్కుకుపోకుండా ఆపుతుంది, అంతే. సీటు, బెల్లు, గాలి పంపు, డైనమో దాని కాపలాలో లేవు. పైగా మన పాత నల్ల సైకిళ్ళలో ఒకదాని సీటు చాలావరకు ఇంకోదానికి సరిపోతుంది. రిపేరుకు అది ఎంత సుఖమో, దొంగకూ అంతే సుఖం. ఫ్రేము మీద కంపెనీ వాళ్ళు నంబరు కొడతారు. సీటు మీద నంబరు ఉండదు. ఒకసారి చేయి మారిందంటే అది ఎవరిదో చెప్పలేం.

సీటుకు అన్నిటికంటే మంచి కాపలా పాత సైకిలు చైను. షాపులో అరిగిపోయి పారేసిన చైను ముక్క రెండు జానల పొడవు అడిగి తెచ్చుకోండి. పనికిరాని ట్యూబు ముక్కలోకి దాన్ని దూర్చండి. ట్యూబు ఉంటే చైను ఫ్రేముకు రాసుకుని రంగు పోదు, చప్పుడూ చేయదు. దాన్ని సీటు కింద ఉండే ఇనుప కమ్మీల సందులోంచి తీసి, ఫ్రేము చుట్టూ తిప్పి, రెండు చివర్లూ చైను రివిట్‌తో కలిపి కొట్టేయాలి. ఇక బోల్టు విప్పినా సీటు చేతికి రాదు. రివిట్ ఊడగొట్టాలంటే పంచి, సుత్తి, తీరిక కావాలి. పైగా సుత్తి చప్పుడు నలుగురికీ వినబడుతుంది. చైను కట్టేటప్పుడు కొంచెం వదులు ఉంచండి. మీరు ఎదిగే పిల్లలు, ఏటా సీటు లేపుకోవాలి.

కొందరు బోల్టు చివరను సుత్తితో చదును చేసి నట్టు ఊడకుండా చేస్తారు. అది పెద్దవాళ్ళ సైకిలుకు బాగుంటుంది. మీకు వద్దు. ఏడాది తిరిగేసరికి మీరే రంపంతో కోసుకోవాలి. దాని బదులు నట్టు మీద ఇంకో నట్టు బిగిస్తే, చిన్న పానాతో తొందరగా విప్పుకుపోదామనుకునే వాడికి కాస్త ఆలస్యమవుతుంది. దొంగకు ఆలస్యమే శత్రువు.

ఈ మధ్య వచ్చే సైకిళ్ళకు సీటు కింద పానా అక్కర్లేకుండా చేత్తో తిప్పే లివరు ఉంటోంది. అది మనకెంత సులువో దొంగకూ అంతే. షాపులో అడిగి దాని బదులు మామూలు బోల్టు వేయించుకోండి. ఆరు పలకల గుంట ఉండే బోల్టు అయితే, ఆ గుంటకు సరిపోయే పాత బేరింగు గోళీ ఒకటి దిగ్గొట్టి పైన కొవ్వొత్తి మైనం కరిగించి పోయండి. తాళంచెవి లాంటి ఆ ఎల్ ఆకారపు పానా లోపలికి దిగదు. మీకు కావాల్సినప్పుడు మైనం గీకి, గోళీని సూదితో లేపి తీసుకోవచ్చు.

బెల్లు గిన్నె చేత్తో తిప్పితే ఊడొస్తుంది. మరమీద దారం చుట్టి బిగించండి. గాలి పంపు సైకిలుకే ఉంచి వెళ్ళకండి. వాల్వు ట్యూబు ముక్క ఒకటి ఎప్పుడూ జేబులో ఉంచుకోండి, ఎందుకంటే గాలి తీసి అది ఎత్తుకుపోయేవాళ్ళలో దొంగల కంటే కొంటె పిల్లలే ఎక్కువ. సైకిలును మూలన, గోడ చాటున పెట్టవద్దు. టీ కొట్టు ముందు, నలుగురి కళ్ళ ముందు పెట్టండి. ఇద్దరు మిత్రులు వెళితే రెండు సైకిళ్ళనూ ఒకే గొలుసుతో కట్టండి.

మన నాగాయలంకలో ఇంకో దొంగ కూడా ఉన్నాడు. అతని పేరు ఉప్పు గాలి. అతనికి పానా అక్కర్లేదు. నా సీటు నట్లను కరిపించింది అతనే. ఒక రకంగా ఆ తుప్పే ఆ రోజు మా వాడిని కాపాడింది. కానీ తుప్పును నమ్ముకోవద్దు. ఏడాదికి రెండుసార్లు సీటు పైపు బయటకు తీసి గ్రీజు పూసి మళ్ళీ దించండి. లేకపోతే పైపు ఫ్రేములోనే కరుచుకుపోతుంది, సీటు లేవదు, దిగదు.

అన్నిటికంటే ముఖ్యం గుర్తు. సీటు అడుగున రంగుతో మీ పేరు, తరగతి రాయండి. రంగు గీకేస్తారు కాబట్టి, కాగితం మీద కూడా రాసి ప్లాస్టిక్ సంచి ముక్కలో చుట్టి సీటు పైపు లోపల దోపండి. అది ఉన్నట్టు మీకు తప్ప ఎవరికీ తెలియదు. ఫ్రేము నంబరు నోటు పుస్తకం చివరి పేజీలో రాసుకోండి. ఇప్పుడు అందరి ఇళ్ళల్లో సెల్‌ఫోన్లు ఉన్నాయి కాబట్టి సైకిలుకు, సీటుకు, గుర్తుకు ఫొటోలు తీసి ఉంచండి.

గుర్తు దొంగను పట్టుకోవడానికే అని నేను అనుకునేవాణ్ణి. మా నాన్న గీతలు దొంగను పట్టివ్వలేదు. నా సీటు ఈ రోజుకీ దొరకలేదు. ఆ గీతలు చేసిన మేలల్లా దొంగ కానివాణ్ణి విడిపించడం. మన వస్తువుకు మనం తాళం వేసుకుంటే, గుర్తు పెట్టుకుంటే, మన పక్కవాడి మీదికి అనుమానం పోకుండా కూడా కాపాడినట్టే. మన హాస్టల్ పిల్లలకు ఇది మరీ అవసరం. బయట ఏ వస్తువు పోయినా ముందుగా పేదవాడి పెట్టెనే తెరిపిస్తారు. అది తెలిసిన నేనే నా తోటివాడి పెట్టె తెరిపించాను.

తర్వాత విజయవాడలో చదువుకునే రోజుల్లో ఒక సినిమా చూశాను. 1948లో ఇటలీలో విట్టోరియో డి సికా తీసింది. మనం 'సైకిలు దొంగలు' అని చెప్పుకుంటాం. యుద్ధం అయిపోయాక రోమ్ నగరంలో ఒక పేదవాడికి గోడల మీద పోస్టర్లు అంటించే ఉద్యోగం వస్తుంది. సైకిలు ఉంటేనే ఉద్యోగం. ఇంట్లో దుప్పట్లు తాకట్టు పెట్టి సైకిలు విడిపించుకుంటాడు. మొదటి రోజే అది పోతుంది. చిన్న కొడుకును వెంటబెట్టుకుని ఊరంతా వెతుకుతాడు. ఒక కుర్రాణ్ణి పట్టుకుంటాడు కానీ సాక్ష్యం దొరకదు. చివరికి తానే ఇంకొకరి సైకిలు దొంగిలించబోయి కొడుకు కళ్ళ ముందే దొరికిపోతాడు. హాల్లో అందరూ ఆ తండ్రి కోసం బాధపడుతున్నారు. నాకు మాత్రం రేకు పెట్టె ముందు బట్టలు సర్దుకుంటున్న మా వాడే కనిపించాడు.

ఇప్పుడు చట్టం కూడా కొంచెం మారింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం, 5 వేల రూపాయల కంటే తక్కువ విలువైన వస్తువు దొంగిలించి, మొదటిసారి దోషిగా తేలినవాడు ఆ వస్తువునో, దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే, అతనికి సమాజ సేవ శిక్షగా వేస్తారు. ఒక సైకిలు సీటు ఆ లెక్కలోకే వస్తుంది. చిన్న దొంగతనం చేసినవాడు మళ్ళీ మనిషిగా నిలబడటానికి చట్టం ఒక దారి చూపింది. మంచిదే. మరి దొంగతనం చేయనివాణ్ణి దొంగ అన్నవాడు ఏం తిరిగివ్వాలి? పోయిన సీటుకు విలువ కట్టవచ్చు. ఆ మూడు రోజుల భోజనాలకు విలువ ఎవరు కడతారు?

మళ్ళీ 2003కు వస్తాను. గురువారం పొద్దున ప్రార్థన దగ్గర నిలబడి "ఆ సీటు నాది కాదు" అన్నాను. అంత మాత్రమే అన్నాను. "వాడు దొంగ కాదు, తప్పు నాది" అనలేదు. వార్డెన్ గారు నా వంక కాసేపు చూసి ఊరుకున్నారు.

ఆ సాయంత్రం నుంచి చైను ముక్కలతో పని మొదలుపెట్టాను. 11 సైకిళ్ళు. రివిట్ కొట్టడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. చైను పట్టుకుంటే సుత్తి జారుతుంది, సుత్తి పట్టుకుంటే చైను జారుతుంది. వేళ్ళు నలగ్గొట్టుకున్నాను. మొదటి రోజు ఒక్క సైకిలు, రెండో రోజు ఒక్క సైకిలు. మూడో రోజు వాడు వచ్చాడు. నా పక్కన గొంతుక్కూర్చుని, చైను రెండు చివర్లూ దగ్గరకు చేర్చి పట్టుకుని, "కొట్టు" అన్నాడు. అప్పటిదాకా వారం రోజులుగా నాతో వాడు మాట్లాడిన మాట అదొక్కటే. కొట్టాను. ఆ రోజు నాలుగు సైకిళ్ళు అయిపోయాయి. తర్వాతి రోజు మిగతావి. చివరిది వాడి సైకిలే.

తర్వాత వచ్చిన పండక్కి మా నాన్న పాత సీటొకటి కొని తెచ్చాడు. కొత్త పైపు మీద ఒక్కటే గీత కోశాడు. పాత మూడు గీతలూ పోయాయి కదా అని నేనంటే, "పోతే పోయాయిలే, నువ్వు పెరగడం పోలేదుగా" అన్నాడు.

మా వాడు ఇప్పుడు మచిలీపట్నంలో ఉంటున్నాడు. కలుసుకుంటూనే ఉంటాం. పెళ్ళిళ్ళకు, చావులకు ఒకరింటికి ఒకరం వెళతాం. ఆ సంగతి మాత్రం మా మధ్య ఎప్పుడూ రాలేదు. వాడు మరిచిపోయాడని అనుకోవడం నాకు హాయిగా ఉండేది. కిందటేడు వాళ్ళింటికి వెళితే, ఎనిమిదో తరగతి చదువుతున్న వాళ్ళబ్బాయి సైకిలు వరండాలో ఉంది. సీటు కింద ట్యూబు తొడిగిన పాత చైను ముక్క కనిపించింది. వాడేమీ మరిచిపోలేదు.

ఈ సంచిక వాడికీ ఒకటి పంపమని తమ్ముళ్ళకు చెప్పాను. అందుకే ఈ చివరి రెండు మాటలు వాడికి.

ఒరేయ్, ఆ రోజు ప్రార్థన దగ్గర సగమే చెప్పాను. మిగతా సగం ఇన్నేళ్ళ తర్వాత, అదే హాస్టల్ పిల్లలందరి ముందూ ఇప్పుడు చెబుతున్నాను. నువ్వు దొంగవి కావు. తప్పు నాది. నన్ను క్షమించు.

తమ్ముళ్ళకు వార్షికోత్సవ శుభాకాంక్షలు. సీట్లు జాగ్రత్త. పక్కవాడు ఇంకా జాగ్రత్త.